హెల్మెట్ తీయకుండా సెల్లార్‌లో అరగంట

విశాఖపట్నంలో కూర్మన్నపాలెం వైపు నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న సంగతులు ఒకటి రెండు మార్చాను. మిగతాదంతా ఆయన చెప్పినదే.

వయసు 43. పరవాడలో ఒక కంపెనీలో షిఫ్ట్ సూపర్‌వైజర్. వారం ఏ షిఫ్ట్ (పొద్దున), వారం బీ (మధ్యాహ్నం), వారం సీ (రాత్రి). ఇంట్లో భార్య, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న కూతురు, ఎనిమిదో తరగతి కొడుకు. భార్య ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. ఫ్లాట్ మీద ఈఎంఐ నెలకు 19,400. తండ్రి పోయాక తల్లి చోడవరం దగ్గర ఊళ్లో ఒక్కతే ఉంటోంది. పద్నాలుగు నెలల క్రితం ఆవిడ మోకాలి ఆపరేషన్‌కి లక్షన్నర అవసరమైంది. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు "ముందు నువ్వు పెట్టన్నయ్యా, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ "తర్వాత" ఇంకా రాలేదు. ఈయన తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. తమ్ముడికి డబ్బిచ్చే విషయంలో అంతకుముందే ఇంట్లో ఒకసారి గొడవైంది కాబట్టి భార్యకు చెప్పలేదు.

ఇక అసలు విషయం ఆయన మాటల్లోనే: "కంపెనీ బస్సు దిగి, జంక్షన్‌లో పెట్టిన బండి తీసుకుని అపార్ట్‌మెంట్‌కి వస్తాను. సెల్లార్‌లో స్టాండ్ వేస్తాను, కానీ బండి దిగను. హెల్మెట్ తీయను. తీస్తే ఎవరో ఒకరు పలకరిస్తారు. మోటార్ రూమ్ గోడకేసి చూస్తూ ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంట కూర్చుంటాను. రోజు మొత్తంలో అప్పుడే కాస్త ఊపిరాడుతుంది."

వాచ్‌మన్ చూశాడు. ఒకరోజు దగ్గరికొచ్చి గ్లాసుడు మంచినీళ్లు ఇచ్చి "బాగున్నారా సార్?" అని అడిగాడు. "ఏం లేదు" అన్నారీయన. అదే వాచ్‌మన్ ఇంకోరోజు, ఏ దురుద్దేశమూ లేకుండా, "సార్ వచ్చి చాలాసేపయిందమ్మా, కిందే ఉన్నారు" అని ఆయన భార్యతో అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లో ప్రశ్నలు. కింద ఏటి చేస్తున్నారు? ఎవరితో ఫోన్? రెండు నెలలుగా ఆవిడకు అనుమానం, ఈయనకు మౌనం.

ఈ మధ్య ఒక రాత్రి డ్యూటీలో గుండె పట్టేసినట్టయి, చేతులు తిమ్మిరెక్కి, ఆసుపత్రికి పరుగెత్తారు. ఈసీజీ, రక్తపరీక్ష బాగానే ఉన్నాయి. "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారు. ఎలా తగ్గించుకోవాలో మాత్రం చెప్పలేదు. స్నేహితుడికి చెప్తే "వైజాగ్‌లో ఉంటూ టెన్షనేంట్రా, బీచ్‌కి పోయి కూర్చో, లేదంటే ఒక క్వార్టర్ వెయ్" అన్నాడట. చివరి పేజీలో ఒక వాక్యం ఉంది: "ఒక్కోసారి ఇంటి వైపు తిప్పకుండా అలా హైవే మీద వెళ్లిపోతే బావుండు అనిపిస్తుంది." ఆ కిందే మూడు ప్రశ్నలు. నాకు పిచ్చి పడుతోందా? భార్యకు చెప్పాలా? ఉద్యోగం మానేయనా?

సమాధానం:

ముందు ఆ హైవే మాట. మీ మూడు ప్రశ్నల కంటే నన్ను పట్టి ఆపింది అదే. దానికి రెండు అర్థాలున్నాయి. కొన్నాళ్లు ఎవరికీ అందకుండా ఎటైనా పోతే హాయిగా ఉంటుందని ఒకటి. అలసిపోయినవాళ్లలో ఈ కోరిక లేనివాళ్లు అరుదు. అసలు లేకుండా పోతే బావుండని రెండోది. మీరు రాసింది మొదటిదే అనుకుంటున్నాను, కానీ అనుకుని ఊరుకోలేను. రెండోది ఎప్పుడైనా, లీలగా అయినా మనసులోకి వస్తే ఈ కింద రాసినవన్నీ పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. సీ షిఫ్ట్ మధ్యలో తెల్లవారుజామున మూడింటికైనా సరే. అదేమిటో కింద చెప్తాను.

పిచ్చా అని అడిగారు. కాదు. నూటికి రెండు చొప్పున లక్షన్నరకు నెలకు 3,000. పద్నాలుగు నెలలకు 42,000 కట్టారు, అసలు అలాగే ఉంది. వారం వారం నిద్రపోయే వేళ మారుతుంది. డ్యూటీలో లేని రోజు కూడా గ్రూపులో మెసేజ్ మోగితే చూడాలి. ఊళ్లో అమ్మ ఫోన్ ఎత్తకపోతే భయం, ఎత్తితే ఏం చెప్తుందోనని భయం. ఇన్ని ఉండి మీకేమీ అనిపించకపోతే నేను ఎక్కువ కంగారుపడేదాన్ని.

ఒంట్లో జరిగేది ఇది. ఆపద వచ్చిందనుకోగానే శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, ఊపిరి పైపైన ఆడుతుంది. ఆపద పోయాక ఇవన్నీ దిగాలి. మీకు దిగే వేళ దొరకడం లేదు. కంపెనీ నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఫోన్‌కి, ఫోన్ నుంచి వడ్డీ తారీఖుకి ఒకదాని వెనక ఒకటి. పైపైన గబగబా ఊపిరి పీలుస్తుంటే చేతులు తిమ్మిరెక్కుతాయి, ఛాతీ పట్టేసినట్టుంటుంది. ఆ రాత్రి జరిగింది అదే కావచ్చు. అప్పుడు పనికొచ్చే చిన్న ఉపాయం, ఊపిరి పీల్చినదానికంటే వదలడానికి ఎక్కువసేపు తీసుకోవడం. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరేడు లెక్కపెడుతూ వదలండి. కన్వేయర్ పక్కన నిలబడి కూడా చేయొచ్చు, ఎవరికీ తెలియదు.

అయితే ఒక జాగ్రత్త. ఒకసారి ఈసీజీ బాగుందంటే ఎప్పటికీ బాగున్నట్టు కాదు. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా "టెన్షనేలే" అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. అలాంటిదేమీ లేకపోయినా ఈ నెలలో ఒకసారి బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించుకోండి. 43 ఏళ్లకు, అందులోనూ నైట్ షిఫ్టులు చేసేవారికి బీపీ, షుగర్ ఎలాగూ చూపించుకోవాల్సినవే.

ఇప్పుడు సెల్లార్. ఆ అరగంట గురించి మీరు తప్పు చేసినవాడిలా రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తంలో మీ కోసం మీరు చేసుకున్న ఒకే ఒక్క మంచి పని అదే అనిపించింది. దిగే వేళ లేని శరీరం తనకు తానే ఒకటి వెతుక్కుంది. చిక్కంతా దాన్ని దొంగతనంగా చేయడంలో ఉంది. దొంగతనంగా చేస్తే విశ్రాంతి కూడా కాపలా కాయాల్సిన పనవుతుంది. అందుకే హెల్మెట్ తీయలేకపోతున్నారు.

బీచ్ సలహా ఇచ్చిన మీ స్నేహితుడు కూర్మన్నపాలెంలో ఉండడని నా అనుమానం. అక్కడి నుంచి గాజువాక, ఎన్‌ఏడీ దాటుకుని ఆర్‌కే బీచ్ చేరేసరికి ఉన్న టెన్షన్‌కి కొత్తది తోడవుతుంది. అప్పికొండ బీచ్ మీకు దగ్గరే, వారానికోసారి కుటుంబంతో వెళ్లిరండి, మంచిదే. కానీ మీకు కావలసింది వారానికోసారి సముద్రం కాదు, రోజూ అరగంట. ఇక క్వార్టర్ సంగతి: మందు నిద్ర త్వరగా పట్టిస్తుంది, తర్వాత సగం రాత్రి చెడగొడుతుంది. షిఫ్టుల వల్ల మీ నిద్ర ఇప్పటికే ముక్కలుగా ఉంది.

భార్యకు చెప్పాలా? మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఇలాగే నెట్టుకురావడం ఒకటి. అది కుదరదని మీకూ తెలుసు. అప్పు దాగినంత కాలం వడ్డీ ఆగదు, సెల్లార్ గురించి చెప్పనంత కాలం ఆవిడ ఊహ ఆగదు. ఆవిడ ఊహిస్తున్నది ఉన్నదానికంటే ఘోరమైనది. ఒక మగమనిషి అరగంట కింద కూర్చుని ఏమీ లేదంటే ఏ ఇల్లాలైనా ఏమనుకుంటుంది?

సెల్లార్ సంగతి మాత్రమే చెప్పి అప్పు దాచడం రెండోది. ఇది మీకు నచ్చుతుంది, సులువుగా ఉంటుంది. ఆవిడ జాలిపడుతుంది, కొన్నాళ్లు ప్రేమగా చూస్తుంది. అప్పు బయటపడిన రోజున ఆ జాలి కూడా మోసపోయినట్టు అనిపిస్తుంది. అప్పులు బయటపడకుండా ఉండవు, మీకిచ్చినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఇంటికి ఫోన్ చేస్తారు.

రెండూ ఒకేరోజు చెప్పడం మూడోది. నేనైతే దీనివైపే మొగ్గుతాను. ముందు సెల్లార్, వెంటనే అప్పు, మధ్యలో గ్యాప్ వద్దు. ముక్కలు ముక్కలుగా చెప్తే ఇంకా ఏం దాచారోనని ఆవిడ వెతుకుతూనే ఉంటుంది. కోపం వస్తుంది, అది ఖాయం. డబ్బుకి కొంత, దాచినందుకు ఎక్కువ. ఆ పూట మీ అమ్మనీ తమ్ముడినీ వెనకేసుకు రాకండి. "నువ్వు అరుస్తావనే చెప్పలేదు" అనే మాట అస్సలు వద్దు. నిజమే కావచ్చు, కానీ ఆ మాటతో తప్పు ఆవిడ మీదికి వెళ్లిపోతుంది.

చెప్తే వచ్చే లాభం లెక్కల్లోనే ఉంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఈ అప్పు తీర్చేయొచ్చు. లక్షన్నర మీద గోల్డ్ లోన్ వడ్డీ నెలకు పదమూడు, పద్నాలుగు వందలకు మించకపోవచ్చు, మీరిప్పుడు కట్టేదాంట్లో సగం కూడా కాదు. అసలు కొంచెం కొంచెంగా తగ్గించుకోవచ్చు. అయితే గడువుకి కట్టకపోతే నగ వేలానికి వెళ్తుంది, ఆ భయం ఆవిడకి ఉంటుంది, ఉండటం న్యాయమే. ఆవిడ చీటీ వేస్తోందని మీరే రాశారు. ఆ చీటీ ఎత్తితే సరిపోతుందేమో ఆవిడకే తెలుసు. పద్నాలుగు నెలలుగా మీరొక్కరే చేస్తున్న లెక్క, ఇంట్లో లెక్కలు బాగా వచ్చిన మనిషికి ఇంతవరకు చూపించనేలేదు.

ఇక్కడ కాస్త పక్కకెళ్తాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మీరూ ఈ ఊళ్లోనే ఉండి ఉంటారు. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు, పాల ప్యాకెట్ దొరకలేదు. మా మెట్ల మీద కొవ్వొత్తి వెలుగులో ఎప్పుడూ పలకరించుకోని వాళ్లం కూర్చుని మాట్లాడుకున్నాం. పై ఫ్లోర్‌లో ఒక రిటైర్డ్ ఆఫీసరు ఉండేవారు, ఎవరినీ ఏదీ అడగని మనిషి. ఆయన బకెట్ పట్టుకుని కిందికొచ్చి "అమ్మా, సగం బకెట్ నీళ్లుంటాయా?" అన్నారు. అడిగినందుకు ఆయన చిన్నబోలేదు, ఇచ్చినందుకు నేను గొప్పదాన్నీ కాలేదు. ఆయనకి కావలసింది సగం బకెట్, నా దగ్గర ఉన్నది ఒక బకెట్. "నాకు చాలా కష్టంగా ఉందమ్మా" అని మాత్రమే అని ఉంటే నేనూ "అవునండీ, అందరికీ కష్టమే" అని ఊరుకునేదాన్ని.

మీరు ఇప్పటిదాకా అడిగిన సాయమంతా ఆ రెండో రకం. తమ్ముడితో "నువ్వు కూడా చూసుకోవాలి కదా" అన్నారు. చూసుకుందామన్నాడు, అయిపోయింది. ఈసారి అంకె చెప్పండి. "ఆపరేషన్‌కి లక్షన్నర అయింది, నీ వాటా 75 వేలు. ఒకేసారి కుదరకపోతే నెలకు 5 వేల చొప్పున పదిహేను నెలలు పంపు, ఐదో తారీఖుకి." ఫోన్‌లో చెప్పాక మెసేజ్‌లో కూడా పెట్టండి. ఇవ్వకపోవచ్చు. అప్పుడు అతని మీద ఆశ పెట్టుకోకుండా మిగతా లెక్క వేసుకోవచ్చు. ఇస్తాడో ఇవ్వడో తెలియక ఎదురుచూడటం మీకు ఎక్కువ ఖరీదవుతోంది. డబ్బు ఇవ్వనంటే ఇంకో పని అడగండి, రోజూ సాయంత్రం అమ్మకి ఫోన్ అతనే చేయాలి, మందులు అయిపోతే అతనే ఆర్డర్ పెట్టాలి. అవి హైదరాబాద్ నుంచి కూడా జరిగేవే.

మిషన్ సంగతి కూడా ఇంతే. సీ షిఫ్ట్ చేసి వచ్చి పొద్దున్నే పడుకుంటే పక్కగదిలో కుట్టుమిషన్ చప్పుడుకి నిద్ర పట్టదని, ఆవిడ సంపాదన కాబట్టి ఆపమనలేకపోతున్నానని రాశారు. ఆపమనక్కర్లేదు. మీకు సీ షిఫ్ట్ ఉన్న వారం పొద్దున పూట హుక్కులు, కాజాలు, హెమింగ్, చీరల ఫాల్స్ లాంటి చేతిపని పెట్టుకుని, మిషన్ మీద కుట్టేది మధ్యాహ్నం రెండు తర్వాత పెట్టుకోవడం కుదురుతుందా అని అడగండి. పెళ్లిళ్ల సీజన్‌లో కుదరదనొచ్చు. మామూలు రోజుల్లో కుదరొచ్చు. మీ వైపు నుంచి కూడా ఒకటి ఉంది. రాత్రి డ్యూటీలో నాలుగు టీలు తాగుతున్నారు, చివరిది ఐదింటికి. టీలో కెఫీన్ సగం కరగడానికే ఐదారు గంటలు పడుతుంది. మిషన్ ఆగినా ఆ టీ ఆగదు. మూడు తర్వాత తాగకుండా ఉండి చూడండి. పడుకునే గదికి మందపాటి కర్టెన్ వేయండి, ఫోన్ పక్కగదిలో పెట్టండి.

సెల్లార్ అరగంటకూ ఇదే పద్ధతి. "వచ్చాక అరగంట నన్నేమీ అడగొద్దు, ఆ తర్వాత ఏదైనా అడుగు" అని ముందే చెప్పుకుంటే, అదే అరగంట బాల్కనీలో హెల్మెట్ లేకుండా గడపొచ్చు. ఆవిడకీ అలాంటి అరగంట ఒకటి కావాలేమో కనుక్కోండి. రోజంతా మిషన్ మీద వంగి కూర్చునే మనిషి కదా.

ఇక డాక్టర్. భార్య, తమ్ముడు, నిద్ర, వీటితో సగం తేలికపడొచ్చు. కానీ గుండె పట్టేయడం ఒకసారి వచ్చిందంటే, మళ్లీ వస్తుందన్న భయమే దాన్ని మళ్లీ తెస్తుంటుంది. ఇది సొంతంగా తగ్గించుకోమనడం అన్యాయం. తేలికైన మెట్టు, ముందు చెప్పిన 14416. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. సెల్లార్‌లో కూర్చునే ఒక్క అరగంట దానికి వాడి చూడండి. ఫోన్‌తో సరిపోదనిపిస్తే ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. మాటల ద్వారా సాయం చేసేది సైకాలజిస్టు, అవసరమైతే మందు రాసేది సైకియాట్రిస్టు. ప్రైవేటులో ఖర్చు ఎక్కువనుకుంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మన ఊళ్లో ఎవరినైనా ఏడిపించాలంటే ఆ పేరే ఎత్తుతాం, నేనూ చిన్నప్పుడు ఎత్తిన దాన్నే. అక్కడి ఓపీలో నిద్ర పట్టదని, గుండె దడ అని వచ్చేవాళ్లు కూడా ఉంటారు. ఆ జోకుకి భయపడి వైద్యం మానుకుంటే నష్టం జోకు వేసినవాడికి కాదు.

కంపెనీకి తెలిస్తే సూపర్‌వైజర్ పోస్టు పోతుందని భయం అన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు మీది. మీ అనుమతి లేకుండా డాక్టర్ మీ మేనేజర్‌కి చెప్పకూడదు. అయినా మనసు ఒప్పకపోతే కంపెనీ డిస్పెన్సరీకి వెళ్లకుండా బయట చూపించుకోండి.

ఉద్యోగం మానేయనా అన్నదానికి ఇప్పుడే జవాబు చెప్పను, మీరూ వెతకొద్దు. నిద్ర లేనప్పుడు తీసుకునే పెద్ద నిర్ణయాలు సాధారణంగా నిద్ర కోసమే తీసుకున్నవై ఉంటాయి. ఈఎంఐ, అప్పు రెండూ నడుస్తుండగా జీతం ఆగితే సెల్లార్ అరగంట రెండు గంటలవుతుంది. మధ్యేమార్గం ఒకటుంది, జనరల్ షిఫ్ట్‌కి మార్చమని అడగడం. నైట్ అలవెన్సు పోతుంది, పైవాళ్ల కళ్ల ముందే రోజంతా ఉండాలి, కొందరికి అది ఇంకో నరకం. మూడు నాలుగు నెలలు చూడండి. నిద్ర కుదిరి, అప్పు ఇంట్లో తెలిసి, డాక్టర్‌ని కలిశాక కూడా కంపెనీ గేటు చూడగానే కడుపులో తిప్పితే, అప్పుడు వేరే చోట ప్రయత్నించండి, చేతిలో ఆఫర్ ఉన్నాకే ఇది వదలండి.

వచ్చే వారం మీకు బీ షిఫ్ట్ అని రాశారు. పిల్లలు చదువులకెళ్లాక మధ్యాహ్నం దాకా మీరిద్దరే ఉంటారు. పొయ్యి మీద ఏమీ లేని వేళ, మిషన్ ఆగి ఉన్న వేళ చూసి కూర్చోండి. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆగిపోతే ఈ పేజీ చూపించండి. మీ మాటలు ఆవిడ గుర్తుపడుతుంది.

వాచ్‌మన్ మీద కోపం పెట్టుకున్నట్టున్నారు, రెండు నెలలుగా అతనితో మాట్లాడటం లేదన్నారు. ఆ హెల్మెట్ లోపల ఎవరో ఉన్నారని ముందు చూసింది అతనే. మంచినీళ్ల గ్లాసు తిరిగి ఇచ్చారా, లేక ఇంకా మీ ఇంట్లోనే ఉందా?